మాదన్న తల

చిన్నప్పుడు రాజంపేటలో మా అవ్వ రామదాసు కథ చెప్పేది. కరెంటు పోయిన రాత్రుళ్లు మిద్దె మీద పడుకున్నప్పుడు ఎక్కువగా ఈ కథే. గోపన్న గుడి కట్టడం, ఖజానా సొమ్ము వాడుకోవడం, తానీషా జైల్లో వేయించడం, పన్నెండేళ్ల తర్వాత రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు కట్టి రసీదు తీసుకుపోవడం. నాకు ఒక చోట మాత్రం కథ మింగుడు పడేది కాదు. అక్కన్న మాదన్నలు గోపన్నకు మేనమామలు కదా, రాజు దగ్గర వాళ్ల మాటే చెల్లుతుంది కదా, మరి మేనల్లుణ్ణి పన్నెండేళ్లు జైల్లో ఎట్ల ఉండనిచ్చినారు? ఒకసారి అడిగితే అవ్వ, "మంత్రికి మాత్రం భయం ఉండదా నాయనా" అని పక్కకు తిరిగి పడుకుంది.

ఆ మేనమామల చివరి రోజుల సంగతి అవ్వకు తెలీదు. తెలిసినా చెప్పేది కాదేమో. నేను చదువుకుంది ఇంజనీరింగు, చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చరిత్ర నాకు సాయంత్రాల వ్యసనం. ఆ వ్యసనంలోనే గోల్కొండ ఆఖరి రోజుల గురించి చదివాను. అప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. రాజుకు ఇష్టుడై, మిగతా అందరికీ కంటగింపుగా మారిన మనిషిని నలుగురూ కలిసి కుట్ర చేసి చంపితే, అతను నిజంగానే తప్పులు చేసినవాడైతే, ఆ పనిని ఏమనాలి?

ముందు జరిగింది చెప్తాను.

1672లో అబ్దుల్లా కుతుబ్ షా చనిపోయాడు. మగపిల్లలు లేరు. పెద్దల్లుడు నిజాముద్దీన్ అహ్మద్‌ను పక్కకు నెట్టి, చిన్నల్లుడు అబుల్ హసన్‌ను కొందరు గద్దె ఎక్కించారు. మన కథల్లో తానీషా అతనే. గద్దె ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు సయ్యద్ ముజఫ్ఫర్. ప్రతిఫలంగా మీర్ జుమ్లా, అంటే ప్రధానమంత్రి పదవి అతనికి దక్కింది. మాదన్న ఆ ముజఫ్ఫర్ కొలువులో లెక్కలు చూసే మనిషి. రాజుకు ముజఫ్ఫర్ పెత్తనం బరువైంది. రెండేళ్లు తిరక్కుండానే మాదన్న ముజఫ్ఫర్ మనుషుల్నే రాజు వైపు తిప్పి అతన్ని దించేశాడు, ఆ పదవిలో తాను కూర్చున్నాడు. సూర్యప్రకాశరావు అన్న బిరుదు వచ్చింది. అన్న అక్కన్న పక్కన నిలబడ్డాడు. అంటే ఏ రకమైన అంతఃపుర రాజకీయం తర్వాత మాదన్నను మింగిందో, మాదన్న పైకొచ్చింది కూడా ఆ నిచ్చెన మీదే. అతన్ని అమాయకుడిగా చూపించే పని నేను పెట్టుకోలేదు.

మా కడప సీమ ఈ కథకు బయటిది కాదు. 1650లో గోల్కొండ సేనలు గండికోటను పెమ్మసానివాళ్ల నుంచి తీసుకున్నాక ఈ నేల గోల్కొండ కర్ణాటకంలో భాగమైంది. గోల్కొండ సేనాని నేక్‌నామ్ ఖాన్ పేరు మీద కడపను నేక్‌నామాబాద్ అని కూడా పిలిచేవాళ్లు. కాబట్టి అప్పట్లో ఈ మెట్ట చేలల్లో పండిన నాలుగు గింజల్లో రాజభాగం కూడా ఏదో ఒక దశలో మాదన్న లెక్కల పుస్తకంలోకి చేరి ఉంటుంది. ఆ వసూళ్లు మెత్తగా ఉండేవనుకోవడానికి ఆధారం లేదు. అప్పటి పద్ధతి ఇజారా. ఎవడు ఎక్కువ కడతానంటే వాడికి ఊళ్లు గుత్తకిచ్చేవాళ్లు. వాడు ఆ డబ్బును రైతు వీపు మీద రాబట్టుకునేవాడు. పూనమల్లి వైపు పొదిలి లింగప్ప అధికారం నడిపిస్తున్నప్పుడు, 1680 ప్రాంతంలో, మద్రాసు ఇంగ్లీషువాళ్లతో గొడవలు ముదిరి వాళ్ల సరుకుల రాకపోకలు ఆగే దాకా పోయింది.

మాదన్న మీద ఉన్న ఆరోపణలను న్యాయంగా వరసపెడితే ఇలా ఉంటాయి. ఒకటి, తన వాళ్లకు పదవులు పంచాడు. రెండు, ఎప్పటినుంచో కొలువును ఏలుతున్న ఇరానీ అమీర్లను, మిగతా ప్రభువులను పక్కకు తోశాడు. మూడు, రాజును కలవాలంటే తనను దాటి పోవాల్సిన పరిస్థితి తెచ్చాడు. నాలుగు, 1677లో శివాజీని హైదరాబాదుకు ఆహ్వానించి, అతని కర్ణాటక దండయాత్రకు గోల్కొండ సాయం ఇప్పించి, ఔరంగజేబు పగను ఇంటికి తెచ్చాడు. శివాజీ పోయాక శంభాజీకి కూడా డబ్బు పంపారన్నది మొఘలుల ఫిర్యాదు. ఈ కాలాన్ని క్రౌట్సర్ అనే డచ్చి చరిత్రకారుడు 2002లో రాసిన ఒక వ్యాసంలో 'బ్రాహ్మణ విప్లవం' అన్న పేరు కిందే చర్చించాడు. ఈ ఆరోపణల్లో సగానికి పైగా నిజమే అని నా నమ్మకం. కాకపోతే ఒక మాట. తన వాళ్లకు పదవులు పంచడం మాదన్నతో మొదలు కాలేదు. అతనికి ముందున్నవాళ్లు పంచుకున్నప్పుడు దాన్ని ఎవరూ పక్షపాతం అనలేదు, మర్యాద అన్నారు. కొత్తవాడు చేసినప్పుడే అది కంటికి కనిపించింది.

1685లో ఔరంగజేబు కొడుకు షా ఆలం సైన్యంతో వచ్చాడు. మాదన్న అండతో సేనానిగా ఎదిగిన మహమ్మద్ ఇబ్రహీం శత్రువు వైపు దూకేశాడు. రాజు రాత్రికి రాత్రి హైదరాబాదు వదిలి గోల్కొండ కోటలో తలదాచుకున్నాడు. నగరాన్ని దోచుకున్నారు. సంధి షరతుల్లో డబ్బుతో పాటు ఒక మనిషి కూడా ఉన్నాడు: అక్కన్న మాదన్నలను తొలగించాలి. రాజు సరేనన్నట్టే అని నాన్చాడు.

1686 మార్చిలో ఒక రాత్రి, కొలువు నుంచి ఇంటికి పోతున్న అన్నదమ్ములను కోట వీధిలోనే చంపేశారు. వాళ్ల బంధువు రుస్తుం రావునూ వదల్లేదు. వెనక ఉన్నది చనిపోయిన అబ్దుల్లా బేగములు, వాళ్లతో కలిసిన ప్రభువులు. తలలు కోసి మొఘలు శిబిరానికి పంపారు. మాదన్న తల షోలాపూరులో ఉన్న ఔరంగజేబు దాకా పోయిందనీ, అక్కన్న తలను ఏనుగుతో తొక్కించారనీ చెప్తారు.

ఇదంతా రాజుకు తెలియకుండా జరిగిందని మొఘలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. కావచ్చు. కానీ అది నన్ను పెద్దగా ఊరడించదు. పదిపన్నెండేళ్లు తన రాజ్యాన్ని మోసిన మనిషి తల తన కోట గుమ్మం దాటి శత్రువు దగ్గరికి కానుకగా పోతుంటే, రాజు ఆ రాయబారాన్ని ఆపలేదు, చంపినవాళ్లను శిక్షించలేదు. తెలియకపోవడం ఒక రాత్రికే సాకు అవుతుంది. తెల్లవారాక జరిగినదానికి ఆ సాకు పనికిరాదు.

ఇక్కడ మన ప్రజల జ్ఞాపకం గమ్మత్తుగా పనిచేసింది. తానీషా మంచివాడిగా మిగిలాడు. రాముడు ఎవరికి కనిపించాడంటే రామదాసుకు కాదు, తానీషాకు. 1687లో గోల్కొండ పడినప్పుడు మొఘలులు లోపలికి వస్తుంటే అతను తొణక్కుండా భోజనం తెప్పించుకున్నాడన్న కథను మనం మెచ్చుకుంటూ చెప్పుకుంటాం. తప్పులేదు. కానీ ఆ తొణక్కపోవడంలో మాదన్న ఎక్కడైనా గుర్తొచ్చాడా అని నాకు అనుమానం. అక్కన్న మాదన్నలకు మిగిలింది పేరొక్కటే. విజయవాడలో దుర్గగుడి కొండ కింద ఉన్న గుహలకు వాళ్ల పేరు ఉంది, నిజానికి ఆ గుహలు వాళ్లకు దాదాపు వెయ్యేళ్ల ముందటివి. హైదరాబాదు హరిబౌలి మహాకాళి గుడికి వాళ్ల పేరు ఉంది, బోనాలప్పుడు అక్కడి నుంచి ఘటాన్ని ఏనుగు మీద ఊరేగిస్తారు.

రాజుకు ఇష్టుడైన మనిషి చేసే అసలు ఉద్యోగం ఇదేనేమో అనిపిస్తుంది. పన్నులు వసూలు చేయడం, రాయబారాలు నడపడం పైకి కనిపించే పని. లోపలి పని, రాజు మీద రావాల్సిన కోపాన్ని తన మీదికి తెచ్చుకోవడం. "మా రాజు మంచివాడే, పక్కనున్నవాడే చెడగొడుతున్నాడు" అన్న మాట అన్ని దేశాల్లోనూ వినిపిస్తుంది. ఆ మాట జనానికి ధైర్యం అక్కరలేని ఫిర్యాదు, రాజుకు ఖర్చులేని కవచం. శివాజీతో పొత్తు మాదన్న ఆలోచనే అనుకుందాం. ఆ పొత్తు మీద ముద్ర మాత్రం అబుల్ హసన్‌దే కదా. ముద్ర వేసినవాడు మిగిలాడు, ముద్ర వేయమన్నవాడి తల పోయింది.

రష్యాలో 1916 డిసెంబరులో రాస్పుతిన్‌ను చంపింది కూడా ఇలాంటివాళ్లే. యువరాజు యూసుపోవ్, జారు బంధువు ద్మిత్రీ, రాజభక్తుడైన పార్లమెంటు సభ్యుడు పురిష్కెవిచ్. సింహాసనాన్ని కాపాడటానికే ఆ పని అన్నారు. మూడు నెలలు గడవకముందే సింహాసనం పోయింది. గోల్కొండ కూడా అంతే. మాదన్న తల అందుకున్న ఔరంగజేబు ముందు బీజాపూరు పట్టాడు, తర్వాత గోల్కొండ మీదికి వచ్చి ఎనిమిది నెలలు ముట్టడించాడు. 1687 సెప్టెంబరులో లోపలి సర్దారు ఒకడు డబ్బుకు ఆశపడి రాత్రిపూట తలుపు తీశాడు. అబుల్ హసన్ మిగిలిన జీవితం దౌలతాబాదు కోటలో బందీగా గడిచింది.

ఈ రెండు ఉదాహరణలు చెప్పి, "చూశారా, కుట్రవల్ల ఒరిగిందేమీ లేదు" అని ముగించడం తేలిక. చాలా వ్యాసాలు అక్కడే ముగుస్తాయి. నాకు ఆ ముగింపు మీద నమ్మకం లేదు. ఎందుకంటే అది తప్పు, ఒప్పులను ఫలితంతో తూస్తుంది. ఒకవేళ ఔరంగజేబు ఆ తలతో తృప్తిపడి వెనక్కి పోయి ఉంటే? ఎనిమిది నెలల ముట్టడి, ఆకలి, వేలమంది చావులు తప్పి ఉంటే? అప్పుడు ఆ బేగములు ఊరిని కాపాడిన తల్లులు అయ్యేవాళ్లా?

మన దగ్గర దీనికి పాత సమాధానం ఒకటి ఉంది. భారతంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్తాడు: వంశం కోసం ఒకణ్ణి వదులుకో, ఊరి కోసం వంశాన్ని వదులుకో, దేశం కోసం ఊరిని వదులుకో అని. ఇంతవరకే మనం చెప్పుకుంటాం, అదీ ఎవణ్ణో ఒకణ్ణి బలివ్వాల్సి వచ్చినప్పుడు. ఆ మాట చెప్పిన సందర్భం మర్చిపోతాం. విదురుడు వదులుకొమ్మన్నది ఎవరినో పరాయివాణ్ణి కాదు. వినేవాడి సొంత కొడుకు దుర్యోధనుణ్ణి. అంటే అది చెప్పించుకునేవాడికి నష్టం కలిగించే సలహా. మరో సంగతి, ఆ మాటకు ఇంకో మెట్టు ఉంది. ఆత్మ కోసమైతే భూమినే వదులుకో అని. ఆ చివరి మెట్టు కలిపి చదివితే లెక్క తలకిందులవుతుంది. ఎక్కువమంది కోసం తక్కువమందిని అన్న కూడిక ఎంత దూరమైనా పోనీ, ఒక చోట ఆగాలి. తన లోపల ఏదో చచ్చిపోతుందంటే భూమి మొత్తం వచ్చినా ఆ బేరం వద్దు అని.

అలాగని మాదన్న పదవిలోనే ఉండాలని నేను అనడం లేదు. రాజు అతన్ని తీసేయవచ్చు. విచారణ జరిపి లెక్కలు అడగవచ్చు. లేదా మాదన్నే, నా వల్ల ఊరికి ముప్పు వస్తోందని తప్పుకోవచ్చు. తప్పుకోలేదు, అది అతని దోషం. శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడు కూడా ఆ కుర్చీని వదలకపోవడంలో అహంకారం తప్ప నాకు ఇంకేమీ కనిపించదు. కానీ ఒక మనిషిని పక్కకు జరగమనడానికీ, అతని తలను నాణెంలా ఖర్చు పెట్టడానికీ మధ్య ఒక గీత ఉంది. తనను తాను ఇచ్చుకోవడం త్యాగం. ఇంకొకణ్ణి ఇచ్చేసి దాన్ని త్యాగం అనడం దొంగలెక్క. బేగములు ఇచ్చినదాంట్లో వాళ్లది ఏదీ లేదు.

కుట్రదారుల వైపు నుంచి ఒక బలమైన జవాబు ఉంది, దాన్ని దాటేయకూడదు. "తీసేయవచ్చు, విచారించవచ్చు అంటున్నావే, ఎక్కడ? రాజు చెవి అతని దగ్గర ఉంది. ఫిర్యాదు చేయడానికి పోతే అది కూడా అతని చేతికే అందుతుంది. కత్తి తప్ప మాకు ఏ దారి మిగిల్చారు?" ఇది నిజం. ఏ పద్ధతీ లేకుండా ఒకరి ఇష్టం మీద వచ్చిన అధికారాన్ని పద్ధతిగా వెనక్కి తీసుకునే దారి ఉండదు. మాదన్న ఆ దారిని కట్టలేదు. తాను ముజఫ్ఫర్‌ను దించినప్పుడు కూడా చీకట్లోనే దించాడు. పన్నెండేళ్ల అధికారంలో, తన తర్వాత వచ్చేవాణ్ణి పట్టపగలు ప్రశ్నించి దించగలిగే ఏర్పాటు ఒక్కటి చేసుంటే, అది మొదట కాపాడేది తననే. అయితే ఈ జవాబు చావు ఎందుకు వచ్చిందో చెప్తుంది. అది న్యాయమని చెప్పదు. పైగా ఆ ప్రభువులకు కోపం పదేళ్లుగా ఉంది. కత్తి బయటికి వచ్చింది మాత్రం, బయటి నుంచి బలమైనవాడు ఆ తల అడిగాకే. నిజంగా రాజ్యం కోసమే అయితే ముందే ఏదో ఒక గొంతు లేవాలి.

ఇంత దూరం పుస్తకాల్లో చదివింది. ఇది రాయాల్సి వచ్చింది మాత్రం ఇంకో కారణానికి.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన చోట మా పైఅధికారికి ఒక ఇష్టుడు ఉండేవాడు. పేరు అనవసరం. తెలివైనవాడే, కానీ అందరినీ దాటుకుని పైకి పోయాడు. ఏ డిజైన్ అయినా ఆయన ఒప్పుకుంటేనే. తనతో ముందు కలిసి పనిచేసినవాళ్లనే టీములోకి తెచ్చుకున్నాడు. మాకెవరికీ నచ్చేవాడు కాదు. ఒక రిలీజు ఘోరంగా దెబ్బతింది. క్లయింటు ఒప్పందం రద్దు చేసుకుంటామన్నారు. ఏం జరిగిందో రాసే రూట్ కాజ్ డాక్యుమెంటు నాకు అప్పగించారు. నేను నాలుగు కారణాలు రాశాను. మూడు పైఅధికారి తీసుకున్న నిర్ణయాలు: టెస్టింగుకు ఇచ్చిన రోజులు కోయడం, తేదీ మార్చకపోవడం, మేము ఇచ్చిన హెచ్చరికను పక్కన పెట్టడం. నాలుగోది ఆ ఇష్టుడి డిజైన్ లోపం. డాక్యుమెంటు వెనక్కి వచ్చింది. "ఇంత గందరగోళం వద్దు, ఒక్క కారణం స్పష్టంగా రాయి" అన్నారు. ఏది రాయాలో చెప్పలేదు. చెప్పక్కరలేదు కూడా.

నేను రాశాను. ఆ రాత్రి టీములో చాలామంది నాకు మెసేజులు పెట్టారు, బాగా రాశావని. రెండు వారాల్లో ఆయన్ను పంపించేశారు. ఆ సంగతి క్లయింటుతో మాట్లాడిన మొదటి కాల్‌లోనే చెప్పారు, ఏదో కానుక అందించినట్టు.

గోల్కొండకూ మా ఆఫీసుకూ తేడా ఒకటుంది. గోల్కొండ పడిపోయింది. మా ప్రాజెక్టు నిలబడింది. క్లయింటు ఉండిపోయారు, నలభైమంది ఉద్యోగాలు నిలిచాయి, ఆ ఏడు నాకు మంచి రేటింగు వచ్చింది. కాబట్టి "చివరికి ఏం ఒరిగింది" అన్న వాదన నాకు అందుబాటులో లేదు. ఒరిగింది. ప్రాణం పోయినదానితో ఉద్యోగం పోయినదాన్ని పోల్చడం అతి అని నాకూ తెలుసు. కానీ పని తీరు అదే. బయటి బలవంతుడికి ఒక పేరు కావాలి, లోపలివాళ్లకు పాత కోపం ఉంది, పైనున్నవాడు "నేను చెప్పలేదు" అనగలిగేలా ఉన్నాడు, మధ్యలో రాసేవాడు ఒకడు కావాలి. తానీషాకు తెలియకుండానే జరిగిందన్న ఖాఫీ ఖాన్ వాక్యం చదివినప్పుడు నేను నవ్వుకున్నది అందుకే. తెలియకుండా ఎలా జరుగుతుందో నాకు తెలుసు.

నిరుడు సంక్రాంతికి రాజంపేట వచ్చినప్పుడు ఒక మధ్యాహ్నం సిద్ధవటం కోటకు పోయాను. పెన్నలో నీళ్లు పల్చగా ఉన్నాయి. కోట గోడ నీడన కూర్చుని ఆయనకు ఫోన్ చేశాను. ఇంకో చోట బాగానే ఉన్నాడట. కాసేపు అవీ ఇవీ మాట్లాడాక ఆ డాక్యుమెంటు సంగతి తెచ్చాను. ముందు నాలుగు కారణాలు రాశానని, మూడు తీసేశానని చెప్పాను.

ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నా డిజైన్ తప్పే కదండీ, మీరు రాసింది అబద్ధం కాదు" అన్నాడు.

కాదు. మాదన్న మీద చెప్పినవి కూడా చాలావరకు అబద్ధాలు కావు. ఆయనతో ఆ మాట అనలేకపోయాను. మిగతా మూడు కారణాలు ఏవో అడుగుతాడేమో, చెప్దామని చూశాను. అడగలేదు. నేనే చెప్పాను, ఒక్కొక్కటిగా, ఎవరి నిర్ణయమో పేరుతో సహా.